ఆ గీతలు సినిమా కంటే పాతవి

ఉత్తరం: మాది సఖినేటిపల్లి దగ్గర పల్లెటూరు. కువైట్‌లో 7 ఏళ్లు ఇంటిపని చేసి కిందటేడు వచ్చేశాను. మా అమ్మాయికి 14 ఏళ్లు, తొమ్మిదో తరగతి. ఇన్నాళ్లూ మా అమ్మ దగ్గర పెరిగింది. ఈమధ్య పక్క వీధిలో పిన్ని ఇంట్లో ఉండే ఒక పిల్లతో స్నేహం పట్టింది. అప్పటినుంచి చెవికి రెండో కుట్టు, పెదాలకి రంగు, ట్యూషన్ ఎగ్గొట్టడం, నా పర్సులో డబ్బులు తియ్యడం. పది రోజుల క్రితం ఫోన్ మంచం మీద వదిలేసి స్నానానికి వెళ్లింది. చూస్తే ‘థర్టీన్’ అని ఏదో ఇంగ్లీషు సినిమా, సగంలో ఆగి ఉంది. అందులో ఒక పిల్ల చెయ్యి కోసుకుంటోంది. అనుమానమొచ్చి దీని చెయ్యి చూస్తే గీతలు! కొన్ని ఎర్రగా ఉన్నాయి, కొన్ని తెల్లబడిపోయాయి. ఒళ్లు తెలియని కోపంలో కొట్టేశాను. ఫోన్ లాక్కున్నాను, ఆ పిల్లని మా గుమ్మం తొక్కొద్దన్నాను. ఇప్పుడు నాతో మాటల్లేవు. మా ఆయన విజయవాడలో హాస్టల్లో వేసేద్దామంటున్నారు. ఆ సినిమా, ఆ స్నేహమే కదండీ దీన్ని చెడగొట్టింది?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. కొన్ని గీతలు తెల్లబడిపోయాయన్నారు. గాటు మాని తెల్లబడాలంటే నెలలు పడుతుంది. సినిమా ఏమో ఇంకా సగంలోనే ఉంది. అంటే మీ అమ్మాయి ఆ సినిమా చూసి నేర్చుకోలేదు. తన బాధలాంటిదే తెరమీద కనిపిస్తే చూస్తూ కూర్చుంది.

ముందు ఆ చెయ్యి సంగతి చూద్దాం, మిగతావి ఆగుతాయి. ఇలా కోసుకునే పిల్లలు చాలామంది చచ్చిపోదామని చెయ్యరు. లోపలున్న టెన్షన్ మాటగా బయటికి రాక ఒంటిమీద చూపించుకుంటారు. అలాగని తేలిగ్గా తీసుకోకూడదు, ఇలాంటి పిల్లల్లో ప్రాణం తీసుకునే ప్రమాదం మిగతావాళ్లకంటే ఎక్కువే. అందుకని గొంతు పెంచకుండా నేరుగా అడగండి, “ఎప్పుడైనా చచ్చిపోవాలనిపించిందా అమ్మా?” అని. అడిగితే లేనిపోని ఆలోచన మనమే పెట్టినట్టవుతుందని అందరికీ భయం. అలా జరగదు. అడిగినవాళ్లు ఉన్నారని పిల్లకి కాస్త ఊపిరాడుతుంది. అవునంటే ఒంటరిగా వదలకండి, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. కాదన్నా ఒకసారి మానసిక వైద్యులకి చూపించాల్సిందే. కాకినాడ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో ఆ విభాగం ఉంది. దూరమనిపిస్తే ముందు 14416కి ఫోన్ చెయ్యండి. మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన ఫోన్ లైను అది, టెలీ మానస్ అంటారు, 2022 అక్టోబరులో మొదలైంది. రాత్రీ పగలూ ఉంటారు, తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బులు అక్కర్లేదు. ఇంకో పని, ఇది మాత్రం ఈ రోజే. చేలోకి తెచ్చిన పురుగుమందు ఇంట్లో ఉంటే బయటికి పంపించేయండి. మీ అమ్మగారి బీపీ, షుగరు మాత్రలు బీరువాలో పెట్టి తాళం వెయ్యండి.

ఇక సినిమా. నేను చూశాను, చూస్తున్నంతసేపూ కుదురుగా కూర్చోలేకపోయాను. అది 2003లో వచ్చింది, అంటే మీ పిల్ల పుట్టకముందే. తీసినావిడ క్యాథరిన్ హార్డ్‌విక్, దర్శకురాలిగా ఆమెకి అదే మొదటి సినిమా. కథ ఆవిడ ఒక్కతే రాయలేదు. తనకి బాగా తెలిసిన 13 ఏళ్ల పిల్ల నిక్కీ రీడ్ దారితప్పుతోందని గమనించి, పక్కన కూర్చోబెట్టుకుని ఆరు రోజుల్లో ఇద్దరూ కలిసి రాశారు. తర్వాత ఆ పిల్లే అందులో ‘చెడు స్నేహితురాలి’ వేషం వేసింది. నాకు సినిమా కంటే ఈ ముచ్చటే ఎక్కువ నచ్చింది. ఒక పెద్దావిడ పిల్లని కేకలెయ్యకుండా, “నీకేం జరుగుతోందో చెప్పు, రాద్దాం” అని కూర్చుంది కదా.

అందులో తల్లి చెడ్డది కాదమ్మా. భర్తతో విడిపోయి, తాగుడు మానుకుని, ఇంట్లోనే జుట్టు కత్తిరిస్తూ సంసారం లాక్కొస్తుంటుంది. కూతురంటే ప్రాణం. అయినా వేరేవాళ్లు చూపించేదాకా ఆ చేతిమీద గీతలు ఆమె కంట పడవు. మీరే నయం, మీ అంతట మీరే చూశారు. చివర్లో ఇంకో సంగతుంది. ఆ స్నేహితురాలిని పెంచుతున్నావిడ వచ్చి, మీ పిల్లే మా పిల్లని చెడగొట్టింది అంటుంది! మీ పక్క వీధి పిన్నిగారు కూడా ఈపాటికి అదే మాట నలుగురిలో అంటూ ఉంటారు, చూసుకోండి.

అలాగని దాన్ని పిల్ల ఒక్కతే చూడటం మంచిదని నేననను. అమెరికాలోనే 17 ఏళ్లలోపు వాళ్లు పెద్దవాళ్లు పక్కన లేకుండా హాల్లో చూడకూడని సినిమా అది. ఇప్పటికే కోసుకుంటున్న పిల్లకి ఆ దృశ్యాలు మళ్లీ చెయ్యాలనిపించేలా చెయ్యొచ్చు. కాబట్టి ముందు మీరొక్కరే చూడండి. భాష రాకపోయినా ఫరవాలేదు, తల్లి మొహం చూస్తే అర్థమవుతుంది. తర్వాత, “నువ్వు చూసిన సినిమా నేనూ చూశానే” అని ఒక్క మాట అని ఊరుకోండి. ఈ వయసు పిల్లలు ఫోన్ తెరిచి మంచం మీద వదిలేసి వెళ్లడం అరుదు. మీ కంట పడాలనే వదిలిందేమోనని నా అనుమానం.

కొట్టినందుకు తప్పయిపోయిందని చెప్పండి. మన ఇళ్లలో పెద్దవాళ్లు పిల్లలకి ఆ మాట చెప్పరు, నాకు తెలుసు. అయినా చెప్పండి. చెప్పాక, “అసలు నేను అక్కడ పడ్డ కష్టమంతా నీకోసమే కదా” అని మాత్రం మొదలుపెట్టకండి. అది నిజమే, కానీ పిల్ల చెవికి బాకీ చీటీలా వినిపిస్తుంది. ఆరేళ్లప్పుడు వదిలి వెళ్లారు, వచ్చేసరికి దానికి 13. మధ్యలో అమ్మంటే ఇమో వీడియో కాల్‌లో కనిపించే మొహం, ఎవరైనా వస్తే పంపే బట్టలు, చాక్లెట్లు. పెద్దమనిషి అయిన రోజు మీరు పక్కన లేకపోయి ఉంటే, ఆ రోజు గురించి అడగండి. ఎదురెదురుగా కూర్చోబెట్టి అడిగితే నోరు విప్పదు. ఏదో పని పెట్టుకుని నర్సాపురం తీసుకెళ్లండి. పంటు మీద, అదే రేవు దాటించే పెద్ద పడవ మీద, వశిష్ఠ గోదావరి దాటేటప్పుడు ఇద్దరూ నీళ్లవైపే చూస్తుంటారు, అలాంటప్పుడు మాట తేలిగ్గా వస్తుంది. రాకపోతే రాలేదు, తిరుగు ప్రయాణం ఉందిగా.

హాస్టల్ వద్దు. మీ ఆయనకి నా మాటగా చెప్పండి, ఒకసారి తల్లి వదిలి వెళ్లిన పిల్లని ఇప్పుడు మళ్లీ పంపిస్తే, అక్కడ ఆ చెయ్యి చూసేవాళ్లు ఎవరూ ఉండరు. పర్సులో తీసిన డబ్బు మాత్రం వదిలెయ్యకండి. ఎంతో లెక్క చెప్పమనండి, పండక్కి ఇచ్చే డబ్బుల్లో కొంచెం కొంచెం తీర్చమనండి. ఫోన్ తిరిగి ఇచ్చేయండి. రాత్రి తొమ్మిదయ్యాక ఇంట్లో అందరి ఫోన్లూ హాల్లోనే ఉండాలి, మీదీ, మీ ఆయనదీ కూడా. చెవి రెండో కుట్టు గురించి నేనేం మాట్లాడను, మా రోజుల్లో మూడేసి కుట్టించుకునేవాళ్లు.

ఆ పక్క వీధి పిల్లని మీరే పిలవండి. సాయంత్రం పూట, మీరు ఇంట్లో ఉన్నప్పుడు, వేడివేడిగా ఏదైనా చేసిపెట్టి. తల్లీతండ్రీ దగ్గర కాకుండా పిన్ని ఇంట్లో ఎందుకుంటోందో మీరు రాయలేదు, ఎప్పుడూ అడిగి ఉండరు. వచ్చినప్పుడు చేతులు కడుక్కోమని నీళ్లు మీరే పొయ్యండి. ఆ పిల్ల చేతులు కూడా ఓసారి చూడండి. ఏమైనా కనిపిస్తే పిన్నిగారితో తగువు పెట్టుకోకండి, అదే 14416 నంబరు ఆవిడకీ ఇవ్వండి.