మేనత్త పోలికని అన్నం మానేస్తావా

అమ్మలూ,

నువ్వు నెల రోజులుగా హాస్టల్లో రాత్రి అన్నం మానేసి మజ్జిగ తాగి పడుకుంటున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. పెళ్లిచూపులకి వచ్చినవాళ్లు "మేనత్త పోలికా?" అన్నారని కూడా చెప్పింది. విన్న దగ్గర్నుంచీ నాకు మనసు మనసులో లేదు.

పోలిక నిజమే తల్లీ. మా నాయనమ్మది ఈ లావు ఒళ్లే, నాదీ ఇదే. ఇరవై రెండేళ్లప్పుడు నేనూ కడుపు మాడ్చుకుని మూడు నెలల్లో తొమ్మిది కిలోలు తగ్గాను, ఏడాది తిరక్కుండానే పన్నెండు పెరిగాను, జుట్టు ఊడిపోయింది. నోరు కట్టుకోలేదని అందరూ నన్నే అన్నారు, నేనూ నమ్మేశాను. అది నా తప్పు కాదని తెలిసేసరికి సగం జీవితం అయిపోయింది, నీకు అలా కాకూడదు.

నీ రూమ్మేట్ నీతో సమానంగా తిన్నా సన్నగానే ఉంటోందని బాధపడ్డావట కదా. కెనడాలో క్లోడ్ బుషార్ అనే శాస్త్రవేత్త బృందం 12 జతల కవల కుర్రాళ్లకి, అంటే అచ్చం ఒకే జన్యువులున్న కవలలకి, మామూలు తిండి మీద రోజుకి 1000 కేలరీలు ఎక్కువ పెట్టింది. వారానికి ఆరు రోజుల లెక్కన 84 రోజులు. ఆ ఫలితాలు 1990లో వచ్చాయి. అందరికీ పెట్టిన అదనం ఒకటే, అయినా ఒకరు 4 కిలోలు పెరిగితే ఇంకొకరు 13 పెరిగారు! జతకీ జతకీ ఉన్నంత తేడా ఒకే జతలో ఇద్దరి మధ్య లేదు. ఇక నీకూ ఆ అమ్మాయికీ పోలికేంటి?

2007లో ఎఫ్‌టీఓ అనే జన్యువుకీ బరువుకీ లింకు బయటపడింది. దానిలో బరువు పెంచే రకం అమ్మ నుంచీ నాన్న నుంచీ కూడా వచ్చినవాళ్లు సగటున 3 కిలోలు ఎక్కువుంటారు, వాళ్లకి ఆకలి కూడా ఎక్కువే. ఇలాంటివి వందల్లో ఉన్నాయి, ఒక్కోటీ కాస్త కాస్త తోస్తుంది. అందుకే ఆన్‌లైన్లో దొరికే జన్యు పరీక్షలకి డబ్బు పోయకు, మన ఇంటి ఫొటోలు చూస్తే చాలు. అలాగని చేతులు ముడుచుకోమనడం లేదు. రెండు లక్షల మందికి పైగా పెద్దవాళ్ల లెక్కలు కలిపి 2011లో చూస్తే, ఒళ్లు కదిలించేవాళ్లలో ఈ ఎఫ్‌టీఓ ప్రభావం పావు వంతుకి పైగా తగ్గింది.

కాబట్టి ఈ రాత్రి నుంచే అన్నం తిను. ముందు పప్పూ కూరా ఎక్కువ పెట్టుకో, అన్నం రెండు గరిటెలు తగ్గించు, ఆవకాయలో నెయ్యి ఒక చెంచాతో ఆపు. సన్నజాజి తీగలా అవ్వాలని కాదు, ఇప్పుడున్న బరువులో 5 నుంచి 7 శాతం తగ్గినా షుగర్ వచ్చే ప్రమాదం బాగా తగ్గుతుంది, మీ నాన్నకీ నాకూ షుగర్ ఉంది కాబట్టి నీకు అదే ముఖ్యం. కాటా రోజూ ఎక్కకు, నెలకోసారి నడుము కొలుచుకో, మన ఆడవాళ్లకి 80 సెంటీమీటర్లు దాటకుండా ఉంటే మంచిది. థైరాయిడ్, షుగర్ పరీక్షలు ఒకసారి చేయించు. నెలసరి తప్పుతుంటే దాచకుండా డాక్టర్‌కి చెప్పు.

పెళ్లి సంగతి మీ నాన్నతో నేను మాట్లాడతాను. నువ్వు శనివారం సాయంత్రం విజయవాడలో బస్సెక్కి గుంటూరు వచ్చేయ్, ఆదివారం పొద్దున్నే ఇద్దరం బృందావన్ గార్డెన్స్ వైపు నడిచొద్దాం. వచ్చాక పెసరట్టు వేస్తాను, అల్లప్పచ్చడితో కడుపు నిండా తిందువుగాని.

మీ అత్త