ఇంటి వాకిట్లో కారు శుభ్రం: ఏవి కొనాలి, ఏవి వద్దు

ప్రశ్న: నేను హనుమకొండలో ఉంటాను. ఏడాది క్రితం నల్ల రంగు కారు కొన్నాను. మా అపార్టుమెంటు వాచ్‌మన్ రోజూ పొద్దున్నే ఒక బకెట్టు నీళ్లు, పాత తువ్వాలు పట్టుకొని తుడుస్తాడు. ఈ మధ్య ఎండలో చూస్తే బానెట్ మీద సాలెగూడులాంటి సన్నని గీతలు కనిపిస్తున్నాయి. ఇకమీదట ఆదివారాల్లో నేనే కడుక్కుందామని అనుకుంటున్నాను. ఆన్‌లైన్‌లో పది, పదిహేను సీసాలున్న కిట్లు అమ్ముతున్నారు. అవన్నీ అవసరమేనా?

జవాబు: అన్నీ అవసరం లేదు. ఒక షాంపూ, రెండు బకెట్లు, చేతికి తొడుక్కొని రుద్దే మైక్రోఫైబర్ తొడుగు ఒకటి, నాలుగైదు మైక్రోఫైబర్ గుడ్డలు, ఒక వాక్స్ ఉంటే మొదటి ఏడాది హాయిగా గడిచిపోతుంది. మిగిలినవి అవసరం వచ్చినప్పుడు ఒక్కొక్కటే కొనుక్కోవచ్చు. అయితే ఏదైనా కొనే ముందు ఆ రోజువారీ తడిగుడ్డ తుడుపును మాన్పించండి. మీరు చూస్తున్న గీతలు చాలావరకు దానివల్ల పడినవే. అది ఆగనంతకాలం ఎంత ఖరీదైన సీసా తెచ్చినా ప్రయోజనం ఉండదు.

కారు రంగు మీద క్లియర్ కోట్ అనే పారదర్శకమైన పైపొర ఉంటుంది. చాలా కార్లలో దాని మందం దాదాపు 35 నుంచి 50 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో ఇరవయ్యో వంతుకు మించదు. మెరుపంతా ఆ పొరదే; ఎండ నుంచి కింది రంగును కాపాడేదీ అదే. మన ప్రాంతమేమో గ్రానైటు నేల. కరీంనగర్ చుట్టుపక్కల క్వారీల సంగతి తెలియనివారు లేరు. ఆ రాయి అరిగి లేచే దుమ్ములో క్వార్ట్జ్ రేణువులు ఉంటాయి. ఖనిజాల గట్టిదనాన్ని చెప్పే మోస్ స్కేలులో క్వార్ట్జ్‌ది 7వ స్థానం. మామూలు కత్తి అంచు 5.5 దగ్గరే ఆగిపోతుంది. అలాంటి రేణువులు పరచుకొని ఉన్న బానెట్ మీద తడిగుడ్డను గుండ్రంగా తిప్పినప్పుడు గుడ్డలో చిక్కుకున్న ప్రతి రేణువూ ఒక గీత గీస్తుంది. ఆ గుడ్డను మళ్లీ అదే బకెట్టులో ముంచితే, అడుగున చేరిన ఇసుక మళ్లీ గుడ్డకెక్కుతుంది. తెల్ల కారు మీద కూడా ఇదే జరుగుతుంది, కాకపోతే నలుపు మీద కనిపించినంతగా తెలుపు మీద కనిపించదు.

షాంపూ కొనేటప్పుడు సీసా మీద పీహెచ్ న్యూట్రల్ (అంటే ఆమ్లమూ క్షారమూ కానిది) అని రాసి ఉందో లేదో చూడండి. బట్టల సర్ఫ్, గిన్నెలు తోమే ద్రావణం జిడ్డును లాగేయడానికి తయారైనవి కాబట్టి కారు మీద ఉన్న వాక్స్‌ను కూడా ఊడ్చేస్తాయి, పదేపదే వాడితే తలుపుల చుట్టూ ఉండే రబ్బరు పట్టీలను ఎండగొడతాయి. కారు షాంపూ చేసే ముఖ్యమైన పని వేరే ఉంది: అది నీళ్లకు జారుడు గుణం ఇస్తుంది, దానివల్ల దుమ్ము రేణువు రంగును గీరకుండా జారిపోతుంది. నురగ ఎంత వస్తుందన్నది పెద్ద విషయం కాదు. సీసా మీద రాసిన కొలత ప్రకారమే కలపండి. ఎక్కువ పోస్తే కడిగే నీళ్లు ఎక్కువ కావాలి తప్ప శుభ్రం పెరగదు. పేరున్న ఏ కంపెనీ షాంపూ అయినా ఇంటి వాడకానికి సరిపోతుంది. నా దృష్టిలో షాంపూ మీద మిగుల్చుకున్న డబ్బును గుడ్డల మీద పెట్టడం మంచిది.

గుడ్డల దగ్గర మాత్రం రాజీ పడకండి. మైక్రోఫైబర్ గుడ్డలో సాధారణంగా 80 శాతం పాలియెస్టర్, 20 శాతం పాలిఅమైడ్ ఉంటాయి. 70, 30 పాళ్లలో ఉన్నది ఇంకా మెత్తగా ఉంటుంది, నీళ్లను మరింత బాగా పీల్చుకుంటుంది. మందాన్ని జీఎస్ఎమ్, అంటే చదరపు మీటరు గుడ్డ ఎన్ని గ్రాములు తూగుతుందనే లెక్కలో రాస్తారు: తుడుపుకు 300 నుంచి 400 ఉన్నవి, కడిగిన తర్వాత ఆరబెట్టడానికి 600 పైన ఉన్న పెద్దది ఒకటి తీసుకోండి. దుకాణంలో గుడ్డను చేతిలోకి తీసుకొని అంచు కుట్టును వేళ్లతో తడిమి చూడండి. నైలాన్ దారంతో గట్టిగా కుట్టిన అంచు గరుకుగా తగులుతుంది, అది కూడా గీతలు పెడుతుంది. మూలన కుట్టిన కంపెనీ పట్టీని ఇంటికి రాగానే కత్తిరించేయండి. ఈ గుడ్డలను నూలు బట్టలతో కలిపి ఉతకకూడదు, ఎందుకంటే నూలు పోగులు వీటిలో ఇరుక్కుపోతాయి. బట్టలు మెత్తబడటానికి వాడే కంఫర్ట్ వంటి ద్రావణాలు తగిలితే పోగులకు పూత పట్టి నీళ్లు పీల్చడం మానేస్తాయి. నేల మీద పడిన గుడ్డను మళ్లీ రంగు మీద వాడకండి. దాన్ని చక్రాలకు కేటాయించండి.

కడిగే పద్ధతి చెప్తాను. కారును నీడలో పెట్టి, బానెట్ చల్లబడిన తర్వాత మొదలుపెట్టండి. ముందు పైపుతోనో మగ్గుతోనో పైనుంచి కిందికి నీళ్లు పోసి, రాలే దుమ్మునంతా చెయ్యి పెట్టకుండానే రాలిపోనివ్వండి. ఒక బకెట్టులో షాంపూ నీళ్లు, ఇంకో బకెట్టులో ఉత్త నీళ్లు పెట్టుకోండి. తొడుగును షాంపూ నీళ్లలో ముంచి ఒక భాగం రుద్దిన తర్వాత ఉత్త నీళ్లలో జాడించి, అప్పుడు మళ్లీ షాంపూలో ముంచాలి. చేతిని గుండ్రంగా తిప్పకుండా, ఒత్తకుండా, నిలువుగా ఒకే దిశలో లాగండి. తలుపుల కింది భాగం, బంపర్లు, చక్రాల దగ్గర బురద ఎక్కువ కాబట్టి వాటిని చివర్లో వేరే గుడ్డతో రుద్దాలి. ఇంతా చేస్తే అరగంట, ముప్పావుగంట పని.

ఇప్పటికే పడిన గీతలు పోవాలంటే క్లియర్ కోట్‌ను కొంత అరగదీయాలి. రబ్బింగ్ కాంపౌండ్ అని అమ్మేవి చేసే పని అదే. అరిగిన పొర తిరిగి రాదు. అందుకని ఆ పనిని ఇంట్లో మొదలుపెట్టవద్దు. రంగు మందాన్ని మీటరుతో కొలిచి చూసి పని చేసే మనిషి దగ్గర ఒక్కసారి చేయించుకోండి.

ప్రశ్న: మాది కాజీపేట. బోరు నీళ్లతో కారు కడిగితే ఆరిన తర్వాత తెల్లటి మచ్చలు మిగులుతున్నాయి, అద్దాల మీద మరీ ఎక్కువ. అంతేకాక మా తెల్ల కారు మీద తుప్పు రంగులో చిన్న చుక్కలు కూడా వచ్చాయి. షాంపూ మార్చాలా?

జవాబు: షాంపూది తప్పు కాదు, నీళ్లది. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఉంటాయి. నీరు ఆవిరైపోయినా అవి అక్కడే మిగిలి మచ్చ కడతాయి. తాగునీటి భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం నీటి కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండటం మంచిది, వేరే ఆధారం లేనప్పుడు 600 దాకా అనుమతి ఉంది. మన వైపు చాలా బోర్లలో కఠినత్వం ఎక్కువే. మొత్తం కడుగుడు బోరు నీళ్లతోనే కానిచ్చి, చివర్లో పోసే ఒక్క బకెట్టు మాత్రం మిషన్ భగీరథ నల్లా నీళ్లో, పట్టి ఉంచిన వాననీళ్లో అయితే మచ్చలు చాలావరకు తగ్గుతాయి. తాగే నీళ్లతో కారంతా కడగడం మాత్రం ఏ వేసవిలోనూ న్యాయం కాదు. కొందరు ఆర్ఓ యంత్రం వదిలేసే నీళ్లను కారుకు వాడుతుంటారు. వాటిలో లవణాలు మామూలు నీళ్లకన్నా ఎక్కువ చేరి ఉంటాయి కాబట్టి చివరి కడుగుడుకు అవి అసలు పనికిరావు. ఏసీ నుంచి కారే నీళ్లలో లవణాలు దాదాపు ఉండవు, వడకట్టుకొని అద్దాలు తుడవడానికి వాడుకోవచ్చు.

ఏ నీళ్లయినా దానంతటది ఆరేదాకా వదలకుండా వెంటనే మందపాటి గుడ్డతో అద్దేయండి. వేసవిలో ఏడు గంటలకల్లా పని ముగించడం మేలు, ఎందుకంటే వేడెక్కిన రేకు మీద గుడ్డ అందుకునేలోపే నీళ్లు ఆరిపోతాయి. కొత్త మచ్చలకు తెల్ల వెనిగర్‌ను సమానంగా నీళ్లతో కలిపి గుడ్డతో అద్ది, ఒక నిమిషం ఆగి, బాగా కడిగేయండి. ఆ తర్వాత వాక్స్ మళ్లీ పట్టించాలి. ఏళ్ల తరబడి పేరుకొని గాజును కొరికేసిన మచ్చలు వెనిగర్‌కు లొంగవు.

తుప్పు చుక్కల విషయానికి వస్తే, మీరు కారును రైల్వే జంక్షను దగ్గర నిలుపుతుంటారని ఊహిస్తున్నాను. రైలు చక్రాలు, పట్టాలు, బ్రేకులు అరిగి లేచే సన్నని ఇనుప పొడి రంగు మీద వాలి అక్కడే తుప్పు పడుతుంది. దీనికి ఐరన్ రిమూవర్ అనే ద్రావణం వేరే ఉంటుంది. చల్లితే ఇనుము ఉన్న చోటల్లా ఊదా రంగుకు మారి కారుతుంది. దాన్ని ఆరిపోనివ్వకుండా కడిగేయాలి. వాసన ఘాటుగా ఉంటుంది, కాబట్టి చేతులకు తొడుగులు వేసుకొని ఆరుబయట వాడండి. ఏడాదికి ఒకటి రెండుసార్లు చాలు.

ప్రశ్న: గోదావరిఖనిలో ఉద్యోగం. బొగ్గు దుమ్ము, బూడిద రోజూ పడతాయి. డస్టర్‌తో దులపవచ్చా? నీళ్లు లేకుండా తుడిచే స్ప్రే మంచిదంటున్నారు, అది వాడనా? కారుకు కవర్ వేస్తే సరిపోతుందా?

జవాబు: మీ చోట మూడూ పనికిరావు. నీళ్లు లేకుండా వాడే స్ప్రేలు పలుచని ధూళి ఉన్న కారుకు పనికొస్తాయి. చేతితో రాస్తే వేలి గుర్తు పడేంత దుమ్ము ఉన్నప్పుడు నీళ్లు పోయక తప్పదు. మైనం పూసిన నూలు డస్టర్ కూడా అంతే. దుమ్ము కారు మీద కవర్ కప్పితే గాలికి అది కదిలిన ప్రతిసారీ కింద ఉన్న దుమ్ము రంగును రాపాడిస్తుంది. కడిగి ఆరబెట్టిన కారుకైతే కప్పవచ్చు. రోజూ కడగలేని వారం దుమ్మును అలాగే వదిలేయండి, దుమ్ము తనంతట తాను గీతలు పెట్టదు. పిట్టల రెట్ట, చెట్ల జిగురు మాత్రం ఆగేవి కావు. రెట్టలో ఉండే ఆమ్లగుణం ఎండకు పైపొరను తింటుంది. తడిపిన గుడ్డను దాని మీద రెండు మూడు నిమిషాలు పరచి, నానిన తర్వాత పైకి ఎత్తేయండి. ఇందుకోసం ఒక నీళ్ల సీసా, ఒక గుడ్డ డిక్కీలో ఎప్పుడూ ఉంచుకోవాలి.

ప్రశ్న: వాక్స్ కొనాలా, సిరామిక్ స్ప్రే కొనాలా? పరకాల నుంచి అడుగుతున్నాను.

జవాబు: కార్నాబా వాక్స్ బ్రెజిల్‌లో పెరిగే ఒక తాటి జాతి చెట్టు ఆకుల నుంచి వస్తుంది. మెరుపు లోతుగా, ఎంతో బాగుంటుంది, కానీ మన ఎండలకు కొన్ని వారాలకు మించి నిలవదు. పేస్టు రూపంలో ఉన్నదాన్ని రాయడం, తుడవడం కూడా ఓపిక కావలసిన పని. సిలికా కలిసిన సిరామిక్ స్ప్రేలు తడి కారు మీదనో ఆరిన కారు మీదనో చల్లి గుడ్డతో పరిచేస్తే చాలు. రెండు మూడు నెలలు నీళ్లు జారిపోతాయి. సులభంగా ఇంట్లో వాడుకోవాలన్న మీ అవసరానికి నేను స్ప్రేనే సూచిస్తాను. దుకాణాల్లో వేలు పోసి వేయించుకునే సిరామిక్ కోటింగు, ఈ స్ప్రే ఒకటి కావు. స్ప్రే సీసా మీద ఏళ్ల హామీ కనిపిస్తే నమ్మవద్దు. ఏది రాసినా రేకు చల్లగా ఉండాలి. ఎక్కువ చల్లితే జిడ్డు చారలు మిగులుతాయి కాబట్టి ఒక తలుపుకు రెండు మూడు చిమ్ములు చాలు.

ప్రశ్న: భద్రకాళి గుడి దగ్గర వాహన పూజ చేయించాం, తర్వాత మేడారం వెళ్లివచ్చాం. పసుపు కుంకుమల మరకలు, సీట్ల మీద బెల్లం జిగురు అలాగే ఉన్నాయి. డాష్‌బోర్డు, టైర్ల పాలిష్ కూడా చెప్పండి.

జవాబు: బెల్లానికి ఏ మందూ అక్కరలేదు, గోరువెచ్చని నీళ్లలో పిండిన గుడ్డను కాసేపు ఉంచితే కరిగిపోతుంది. ఆలస్యం చేస్తే చీమలు చేరతాయి. రంగు మీద పడిన పసుపు, కుంకుమలను పొడిగా రుద్దకుండా నీళ్లతో రాల్చి షాంపూతో కడగండి. పసుపు మరక మిగిలినా ఎండకు క్రమంగా వెలిసిపోతుంది. బట్ట సీట్ల మీద కుంకుమ మాత్రం మొండిది, తడపకముందే వాక్యూమ్‌తో లాగేయాలి. ఇకముందు బొట్లు ముందు అద్దం అంచున పెట్టించుకుంటే పూజకు లోటు ఉండదు, రంగుకు మరక ఉండదు.

డాష్‌బోర్డుకు తడిపి పిండిన గుడ్డ చాలు. తళతళలాడే పాలిష్‌లు ఎండలో అద్దంలో ప్రతిబింబించి దారి కనిపించనివ్వవు, కొబ్బరినూనె దుమ్మును పట్టుకుంటుంది. స్టీరింగుకు, పెడళ్లకు జారే పదార్థం ఏదీ తగలనివ్వవద్దు. అద్దాలకు సన్ ఫిల్మ్ ఉంటే అమోనియా లేని క్లీనరే కొనండి. టైర్లకు డీజిల్, కిరోసిన్ పూయడం రబ్బరుకు చేటు. నీళ్ల ఆధారంగా తయారైన టైర్ డ్రెస్సింగును పక్కభాగానికి మాత్రమే స్పాంజితో రాసి, రోడ్డును పట్టుకునే భాగానికి ఒక్క చుక్క కూడా తగలకుండా చూసుకోండి. రాసిన వెంటనే బండి తీస్తే అది చక్రం తిరుగుడుకు తలుపుల మీద చిమ్ముతుంది, అందుకని పావుగంట ఆరనివ్వండి.