రాతే వృత్తిగా: పాఠకుల సందేహాలు, సమాధానాలు

ఏ సంస్థలోనూ ఉద్యోగిగా చేరకుండా, సొంతంగా రాసి జీవించాలనుకునేవారి నుంచి ఈ నెల ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. వాటిలో అయిదింటికి ఇక్కడ సమాధానాలిస్తున్నాం. రాసినవారి కోరిక మేరకు ఊరి పేర్లు మాత్రమే ప్రచురిస్తున్నాం.

ప్రశ్న: జూనియర్ కళాశాలలో జంతుశాస్త్రం బోధిస్తున్నాను. నా కథలు కొన్ని వారపత్రికల్లో వచ్చాయి. ఉద్యోగం మానేసి రాత మీదే ఆధారపడాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

సమాధానం: కథలకు వచ్చే పారితోషికంతో తెలుగులో ఇల్లు గడవదు. ఈ మాట మొదటే చెప్పడం మిమ్మల్ని నిరుత్సాహపరచడానికి కాదు. రాతతో జీవిస్తున్నవారి ఆదాయం నిజంగా ఎక్కడి నుంచి వస్తోందో చూస్తే మీ దారి మీకే స్పష్టమవుతుంది. ప్రభుత్వ పథకాలకూ సంస్థలకూ చేసే అనువాదం, డబ్బింగ్, సబ్‌టైటిళ్లు, పాఠ్యాంశాల రచన, వీడియో ఛానళ్ల స్క్రిప్టులు, సావనీర్లు, జీవిత చరిత్రలు, ప్రూఫ్ దిద్దడం: స్వతంత్ర రచయితలకు తరచూ దొరికే పనులు ఇవే. కథ మీ సాధనకు కొనసాగాలి, కానీ కథ రాయగలరన్న కారణంతోనే ఈ పనులు ఎవరూ ఇవ్వరు.

మీకున్న అసలు పెట్టుబడి జంతుశాస్త్రం. పశువుల వ్యాధుల మీద రైతుల కోసం ఒక కరపత్రం రాయాల్సి వచ్చిందనుకుందాం. శాస్త్రం తెలియని అనువాదకులు నిఘంటువు తిరగేసి సంస్కృత సమాసాలు పేరుస్తారు. శాస్త్రం మాత్రమే తెలిసినవారు ఇంగ్లీషు పేర్లనే తెలుగు లిపిలో దింపుతారు. గాలికుంటు, జబ్బవాపు, గొంతువాపు, పొదుగువాపు అని రైతు పిలిచే పేర్లూ, వాటి వెనుక ఉన్న సూక్ష్మజీవుల సంగతీ రెండూ తెలిసిన రచయితలు చాలా తక్కువ. చేపలు, రొయ్యల పెంపకంలోనూ ఇదే కొరత కనిపిస్తుంది. కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో దాన్నే రైతు ‘కౌంట్’ అంటాడు, ఏరియేటర్‌ను ఏరియేటర్ అనే అంటాడు. అక్కడ ‘వాయుప్రసరణ యంత్రం’ అని రాస్తే ఆ కాగితం చదివేవారుండరు.

కాబట్టి మొదట మూడు నమూనా రచనలు సిద్ధం చేసుకోండి. మొదటిది పశువైద్యం మీద రైతుకు అర్థమయ్యే వ్యాసం, రెండోది ఆరోగ్య విషయంలో ఒక పేజీ అనువాదం, మూడోది పిల్లల కోసం జీవశాస్త్ర పాఠం కావచ్చు. వాటిని మీరు రాసినట్లే పంపకండి. ముందు ఒక పశువైద్యుడికీ ఒక పాడి రైతుకూ చూపించండి. పదాల కోసం వెతికేటప్పుడు భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి ఆధ్వర్యంలో వచ్చిన మాండలిక వృత్తి పదకోశం సంపుటాలు తప్పక దగ్గర పెట్టుకోండి. 1962లో వచ్చిన మొదటి సంపుటం వ్యవసాయ పదాలది, 1971లో వచ్చిన రెండోది చేనేత పదాలది. వృత్తి చేసేవారి నోటి నుంచి, ప్రాంతాల వారీగా సేకరించిన మాటలు అందులో ఉంటాయి. ఇలాంటి శ్రమ ఇతర భాషల్లో జరిగితే ఎంత గొప్పగా చెప్పుకునేవారో! మన దగ్గర అనువాదకులే దాన్ని తెరవకపోవడం బాధాకరం.

ఉద్యోగం ఇప్పుడే మానవద్దు. ఒక్కరి నుంచి కాక, కనీసం ముగ్గురి నుంచి పని క్రమంగా వచ్చే స్థితి ఏర్పడ్డాకే ఆ నిర్ణయం తీసుకోండి.

ప్రశ్న: ఇంగ్లీషు నుంచి తెలుగులోకి అనువాదాలు చేస్తున్నాను. తప్పులేమీ లేవంటూనే, ‘ఇది అనువాదంలా ఉంది’ అని తిప్పి పంపుతున్నారు. ఏం మార్చుకోవాలో ఎవరూ చెప్పడం లేదు.
- ఒక పాఠకుడు, అనంతపురం

సమాధానం: మీరు జతచేసిన రెండు పేజీలూ శ్రద్ధగా చదివాను. మీ పదజాలం బాగుంది. చిక్కంతా వాక్యం కట్టుబాటులో ఉంది. ‘రైతులచే పండించబడిన పంట మార్కెట్‌కు తరలించబడినది’ అని రాశారు. తెలుగులో ఆ పని చేసినవారు వాక్యంలోకి రావాలి: ‘రైతులు పండించిన పంటను మార్కెట్‌కు తరలించారు.’ ఎవరు తరలించారో తెలియకపోయినా ‘తరలించారు’ అనే రూపమే ఆ లోటు తీరుస్తుంది, ‘బడు’తో పనిలేదు. ‘యొక్క’, ‘మరియు’ కనిపించిన ప్రతిచోటా వాటిని కొట్టేసి చదివి చూడండి. చాలాచోట్ల వాక్యం చెక్కుచెదరదు.

ఇంతకంటే లోతైన సమస్య మరొకటుంది. నామవాచకం ముందు విశేషణ వాక్యాలు ఒకదాని మీద ఒకటి పేర్చడం మీకు అలవాటైంది. ‘గత ఏడాది ప్రారంభించిన, చిన్న రైతులకు అప్పులిచ్చే బ్యాంకులకు వడ్డీ రాయితీ కల్పించే పథకాన్ని పొడిగించారు’ అన్న మీ వాక్యంలో, పాఠకుడు ‘పథకం’ అన్న మాట చేరేసరికి గత ఏడాది ప్రారంభమైంది పథకమో, బ్యాంకో, అప్పో మరచిపోతాడు. మన భాషలో క్రియ చివర వస్తుంది కనుక వాక్యం మొదట్లో మోపే భారాన్ని చివరి దాకా పాఠకుడే మోయాలి. ‘చిన్న రైతులకు అప్పులిచ్చే బ్యాంకులకు వడ్డీ రాయితీ కల్పించేందుకు గత ఏడాది ఒక పథకం మొదలుపెట్టారు. దాన్ని ఇప్పుడు పొడిగించారు’ అని విడదీస్తే సమాచారం ఏమీ పోదు. పొడవైన వాక్యాలు రాయకూడదని నా ఉద్దేశం కాదు. చేసి, చూసి, విని అంటూ అసమాపక క్రియలతో పని వరుసను చెప్పుకుంటూ పోయే పొడవైన వాక్యం తెలుగుకు సహజమైనదే. ఆ నడకకు కొడవటిగంటి కుటుంబరావు 1952 నుంచి 1980లో మరణించేదాకా పనిచేసిన చందమామ సంచికలు మంచి పాఠశాల. పిల్లలకు అర్థమయ్యే భాషలో ఎంత చిక్కు కథనైనా ఎలా నడిపించవచ్చో వాటిలో పేజీ పేజీకీ కనిపిస్తుంది.

రోజూ ఒక సాధన చేయండి. మూలంలో ఒక పేరా చదివి, కాగితం మూసేసి, అందులోని విషయాన్ని మీ ఇంట్లో ఇంగ్లీషు రాని పెద్దవారికి చెబుతున్నట్లుగా రాయండి. తరువాత మూలం తెరిచి అంకెలు, పేర్లు, షరతులు, ‘కాదు’, ‘లేదు’ అన్న చోట్లు సరిచూసుకోండి. చివరగా పైకి చదవండి. ఊపిరి ఎక్కడ ఆగుతుందో, కళ్లు ఎక్కడ వెనక్కి వెళ్తాయో అక్కడ గీత గీయండి.

ప్రాంతం సంగతి కూడా మరవవద్దు. ఒకే కరపత్రం రెండు రాష్ట్రాలకూ వెళ్తుందని మీ ఉత్తరంలో ఉంది. ఆంధ్రప్రదేశ్ రైతు భూమిని సెంట్లలో లెక్కపెడితే, తెలంగాణ రైతు గుంటల్లో లెక్కపెడతాడు. ఎకరానికి 100 సెంట్లు, 40 గుంటలు. భూమి, పంట వివరాలుండే కాగితాన్ని ఆంధ్రప్రదేశ్‌లో అడంగల్ అంటే, తెలంగాణలో పహాణీ అంటారు. పని ఒప్పుకునేటప్పుడే రెండు ప్రతులు వేరుగా కావాలా అని అడిగి, కావాలంటే అదనపు రుసుము చెప్పండి. ఆ ప్రశ్న అడిగేవారికి సంస్థల్లో ఎంత గౌరవం పెరుగుతుందో మీరే చూస్తారు.

ప్రశ్న: నా పాత కథలను ఆడియోగా విడుదల చేస్తామంటూ ఒక సంస్థ ‘సమస్త హక్కులూ’ అని ఉన్న పత్రం పంపింది. అవే కథలను ఏళ్ల కిందట సంపుటిగా వేసిన ప్రచురణకర్త, హక్కులు తనవే అంటున్నారు. ఏం చేయాలి?
- ఒక పాఠకుడు, విజయవాడ

సమాధానం: 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఉద్యోగిగా కాక స్వతంత్రంగా రాసిన రచనకు తొలి హక్కుదారు రచయితే. ఆ హక్కు మరొకరికి వెళ్లాలంటే రాతపూర్వకంగా, రచయిత సంతకంతో బదిలీ జరగాలి. నోటిమాట చాలదు. అందుకని మొదట ప్రచురణకర్తను మీరు సంతకం చేసిన కాగితం చూపమనండి. కాగితమే లేకపోతే బదిలీ జరిగిందని ఆయన చెప్పడానికి ఆధారం ఉండదు. కాగితం ఉండి, అందులో కాలపరిమితి రాయకపోతే ఆ బదిలీ అయిదేళ్లకే వర్తిస్తుంది. ప్రాంతం రాయకపోతే భారతదేశానికే పరిమితమవుతుంది. మీ ప్రశ్నకు మరింత ముఖ్యమైన అంశం 2012 సవరణలో ఉంది. ఆ తరువాత రాసుకున్న ఒప్పందాల్లో, సంతకం చేసిన నాటికి వాడుకలో లేని మాధ్యమం పేరు ప్రత్యేకంగా పేర్కొంటే తప్ప, ఆ మాధ్యమానికి బదిలీ వర్తించదు.

ఆడియో సంస్థ పత్రంలో ‘సమస్త హక్కులూ’ అన్న మాట కొట్టించి, తెలుగు ఆడియో హక్కు మాత్రమే, ఇన్నేళ్లకు మాత్రమే అని రాయించండి. నాటకం, సినిమా, అనువాదం, ముద్రణ హక్కులు మీ దగ్గరే ఉన్నాయని ఒక వాక్యం చేర్పించండి. ఒప్పుకున్న హక్కును ఏడాదిలోగా వాడకపోతే, పత్రంలో వేరే విధంగా లేనప్పుడు, ఆ బదిలీ చెల్లకుండా పోతుందని చట్టంలో ఉంది. ఆ రక్షణను తీసేసే వాక్యం చిన్న అక్షరాల్లో ఎక్కడైనా ఉందేమో జాగ్రత్తగా చదవండి. హక్కులు అమ్మేసినా, రచన మీదేనని చెప్పుకునే హక్కూ, మీ పరువుకు భంగం కలిగించేలా రచనను వికృతం చేస్తే అభ్యంతరపెట్టే హక్కూ మీకు మిగిలే ఉంటాయి. పెద్ద మొత్తం ముడిపడి ఉంటే సంతకానికి ముందు న్యాయవాదికి చూపించండి. ఆ ఖర్చుకు వెనుకాడవద్దు.

ప్రశ్న: కన్నడ నవల ఒకటి తెలుగులోకి పూర్తిగా అనువదించాను. ప్రచురణకర్తలు అనుమతి పత్రం అడుగుతున్నారు. ఇది కాక, శరత్ నవలను హిందీ అనువాదం ఆధారంగా తెలుగు చేయాలని కూడా ఉంది.
- ఒక పాఠకురాలు, బెంగళూరు

సమాధానం: అనువాద హక్కు మూల రచయితదే. అందువల్ల అనుమతి ముందు, అనువాదం తరువాత అన్న వరుస పాటించాలి. ఇప్పుడైనా కన్నడ రచయితకు మీ అనువాదంలోని ఒక అధ్యాయం జతచేసి ఉత్తరం రాయండి. నవల మీద ప్రేమతో పని పూర్తిచేశారని తెలిస్తే చాలామంది రచయితలు సంతోషంగానే స్పందిస్తారు.

రచయిత జీవించినంత కాలం, మరణించిన తరువాతి ఏడాది నుంచి మరో 60 ఏళ్ల పాటు మన దేశంలో కాపీరైట్ ఉంటుంది. శరత్‌చంద్ర 1938లో మరణించారు కనుక బెంగాలీ మూలాన్ని ఎవరైనా అనువదించవచ్చు. కానీ మీరు ఆధారం చేసుకునే హిందీ అనువాదం వేరే రచన. ఆ అనువాదకుల హక్కు ఇంకా అమలులో ఉంటే వారి అనుమతి కావాలి. తెలుగు అనువాదాల సంగతీ ఇంతే. శరత్ నవలలను తెలుగు చేసిన చక్రపాణి 1975లో మరణించారు కాబట్టి ఆయన అనువాదాల మీద హక్కు 2035 చివరి దాకా ఉంటుంది. నా సలహా అడిగితే, బెంగాలీ నేర్చుకోవడానికి కొంత కాలం కేటాయించండి. బెంగళూరులో ఉండి కన్నడం ఇంత బాగా పట్టుబడినవారికి అది అసాధ్యమేమీ కాదు.

ప్రశ్న: యంత్రం చేసిన అనువాదాన్ని దిద్దితే చాలంటూ సగం రేటు ఇస్తామంటున్నారు. చేసిన పనికి డబ్బు కూడా నెలల తరబడి రావడం లేదు. పన్నుల సంగతీ అర్థం కావడం లేదు.
- ఒక పాఠకుడు, నిజామాబాద్

సమాధానం: దిద్దే పనిని పదాల లెక్కన ఒప్పుకోవద్దు. మొదట 500 పదాలు దిద్ది, ఎంత సమయం పట్టిందో చూసి, గంటల లెక్కన రుసుము చెప్పండి. యంత్రం తెలుగులో తరచూ పొరబడే చోట్లు కొన్ని ఉన్నాయి: ‘నువ్వు’, ‘మీరు’ ఒకే పేజీలో కలిసిపోవడం, ‘అతను’ అన్నచోట ‘ఆమె’ రావడం, ‘తప్ప’, ‘కాకుండా’ వంటి మాటలతో అర్థం తారుమారు కావడం. మందుల మోతాదులు, చట్టపరమైన షరతులు ఉన్న కాగితాల్లో వీటిని పట్టుకోవడానికి మూలంతో వాక్యం వాక్యం పోల్చాలి. అలాంటి పనికి సగం రేటు ఏ విధంగానూ న్యాయం కాదు. కాబట్టి గట్టిగా కాదనండి.

బకాయిల విషయంలో మీకు చట్టం తోడుంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యమ్ పోర్టల్‌లో సూక్ష్మ సంస్థగా ఉచితంగా నమోదు చేసుకోండి. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల (ఎంఎస్ఎంఈ) చట్టం ప్రకారం, నమోదైనవారు ఆ తరువాత చేసిన పనికి ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో డబ్బు చెల్లించాలి. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ అడిగే హక్కుంటుంది. అప్పటికీ ఇవ్వకపోతే ఈ చట్టం కింద ఫిర్యాదు చేయవచ్చు. ముందు నోటీసులో ఈ చట్టం పేరు రాసి పంపి చూడండి.

వృత్తి రుసుము కింద ఒకే సంస్థ నుంచి ఏడాదికి 50,000 రూపాయలు దాటితే చెల్లించేటప్పుడే 10 శాతం పన్ను (టీడీఎస్) పట్టుకుంటారు. పాన్ ఇవ్వకపోతే అది 20 శాతం అవుతుంది. పట్టుకున్న మొత్తం ఆదాయపన్ను పోర్టల్‌లో మీ పాన్ కింద కనిపిస్తుంది. మీరు కట్టాల్సిన పన్ను అంతకంటే తక్కువైతే, రిటర్ను దాఖలు చేసినప్పుడే మిగతాది వెనక్కి వస్తుంది. చాలామంది రచయితలు రిటర్ను వేయక ఆ డబ్బు వదులుకుంటున్నారు. ఏడాది రాబడి 20 లక్షలు దాటనంతవరకు జీఎస్‌టీ నమోదు అవసరం సాధారణంగా ఉండదు. బిల్లు కలం పేరుతో కాక, పాన్ కార్డు మీదా బ్యాంకు ఖాతాలోనూ ఉన్న పేరుతో, తేదీ, వరుస సంఖ్య వేసి పంపండి. పని అందించిన రోజునే పంపితే గడువు లెక్క దగ్గర వాదన రాదు.