జోడీ మారితే ర్యాంకు ఏమవుతుంది?

ప్రశ్న: మా అబ్బాయి బ్యాడ్మింటన్ డబుల్స్‌నే కెరీర్‌గా ఎంచుకున్నాడు. ఈమధ్య వరుసగా ఓడిపోతూ పార్ట్‌నర్‌ను మార్చుకుంటానంటున్నాడు. ఇప్పటిదాకా వచ్చిన ర్యాంకు ఏమవుతుందండీ?

జవాబు: డబుల్స్‌లో ప్రపంచ ర్యాంకు ఆటగాడిది కాదు, జోడీది. గత 52 వారాల్లో ఆ ఇద్దరూ కలిసి ఆడిన టోర్నీల్లో మెరుగైన 10 ఫలితాలే లెక్కకొస్తాయి. విడిపోతే ఆ పాయింట్లు కొత్త జోడీ ఖాతాలో పడవు. మళ్ళీ మొదటి నుంచి కూడబెట్టుకు రావాల్సిందే. అందుకే తొందరపడనివ్వకండి.

ముందు ఓడిన మ్యాచ్‌ల వీడియోలు పెట్టి సర్వీసు, రిటర్న్, ఆ రిటర్న్‌కు సర్వీసు చేసిన జోడీ బదులుగా కొట్టే మూడో షాట్ చూడమనండి. పాయింట్లు ఎక్కువగా చేజారేది అక్కడే. సర్వీసులో రాకెట్ తగిలే క్షణానికి షటిల్ మొత్తం నేల నుంచి 1.15 మీటర్ల కన్నా కిందే ఉండాలి. ఫాల్ట్ అవుతుందన్న భయంతో మరీ కిందనుంచి కొడితే షటిల్ నెట్ మీద పైకి లేస్తుంది, అవతలివాడు ముందుకు దూకి కొట్టేస్తాడు. సర్వీసు అవగానే రాకెట్ దించేసే అలవాటుంటే మూడో షాట్ అందదు. ఇలాంటి లోపాలు ఎవరితో ఆడినా వెంటే వస్తాయి.

ఇద్దరూ వెనక నుంచి స్మాష్ కొట్టేవాళ్ళే అయ్యి, నెట్ దగ్గర ఆడేవాళ్ళు లేకపోతే మాత్రం మార్పు సబబే.