నత్తలకి మందు కొట్టే ముందు ఇది చదువు

నాయనా,

చేపల ట్యాంక్ అద్దం మీద ఆవగింజంత నత్తలు పాకుతున్నాయని ఫోటో పంపి, ఈ రాత్రికే మందు వేసేయనా అని అడిగావు. వద్దు. ఆ మందుల్లో చాలావాటిలో రాగి ఉంటుంది, అది నువ్వు పెంచుకుంటున్న రొయ్యల్ని కూడా చంపేస్తుంది, పైగా నత్తలన్నీ ఒక్కసారే చచ్చి ఇసుకలో కుళ్లితే అమ్మోనియా పెరిగి చేపల ప్రాణం మీదికొస్తుంది.

ముందు ఏ రకమో తేల్చుకో. ఒకదాన్ని తీసి గుల్ల మొన పైకి, నోరు నీకు ఎదురుగా ఉండేలా పట్టుకో. నోరు ఎడమ పక్కకి ఉండి, మీసాలు దారంలా సన్నగా ఉంటే బ్లాడర్ నత్త. కుడి పక్కకి ఉండి మీసాలు వెడల్పుగా త్రికోణంలా కనిపిస్తే పాండ్ నత్త. చదునుగా చుట్టుకుని ఉంటే రామ్స్‌హార్న్. శంకువులా పొడుగ్గా ఉండి పగలంతా ఇసుకలో దూరి ఉండేది మలేషియన్ ట్రంపెట్, అవి పట్టపగలే గుంపుగా అద్దమెక్కాయంటే మాత్రం నీళ్లు పాడై ఉండొచ్చు, వెంటనే టెస్ట్ చెయ్యి.

నీ ఫోటోలోవి బ్లాడర్ నత్తలే. ఒక్కటి వచ్చినా చాలు, జత లేకుండానే గుడ్లు పెట్టగలదు, ఆకుల కింద జిగురు ముద్దలా కనిపించేవి అవే. మొక్కల్ని తినేస్తాయేమోనని టెన్షన్ పడకు, వాటికి కావాల్సింది నాచు, కుళ్లిన ఆకులు, చేపలు వదిలేసిన మేత. అసలు విషయం ఆ మేత దగ్గరే ఉంది. తిండి మిగిలినంత కాలం ఎన్ని ఏరినా మళ్లీ పుడతాయి, కాబట్టి చేపలు ఒకట్రెండు నిమిషాల్లో ఖాళీ చేసేంతే వెయ్యి, ఇసుక మీద పేరుకున్న చెత్తని సైఫన్ గొట్టంతో లాగెయ్యి. రాత్రి ఒక కీరదోస ముక్క కాస్త ఉడికించి అడుగున పెట్టు, పొద్దున్నే దానికి పట్టుకున్న నత్తలతో సహా తీసెయ్యి, మరిచిపోతే అదీ కుళ్లుతుంది. కొన్ని వారాల పాటు ఓపిగ్గా చెయ్యాలి.

నత్తల్ని తినే అసాసిన్ నత్త ఉంది గానీ, అది నువ్వు ముచ్చటపడి కొన్న నత్తల్ని కూడా వదలదు. నత్తల్ని తింటుంది కదా అని క్లౌన్ లోచ్ చేప జోలికి మాత్రం అసలు పోకు, అడుగు పొడవు దాకా పెరిగే, గుంపులో బతికే చేపని చిన్న ట్యాంక్‌లో పెట్టడం పాపం.

ఇకపై కొత్త మొక్క తెస్తే నేరుగా వెయ్యకుండా, విడి గిన్నెలో రెండు మూడు వారాలు ఉంచి, గుడ్ల ముద్దలు కనిపిస్తే గోటితో గీకెయ్యి. ఏరిన నత్తల్ని చెరువులోనో కాలువలోనో పారబొయ్యకు, అక్కడ లేని రకమైతే అక్కడి నత్తలకి చేటు. ఫ్రీజర్‌లో పెట్టి తర్వాత చెత్తలో వెయ్యి.