గోస్తనీ పక్కన నడిచేటప్పుడు

అమ్మలూ,

మార్చి మొదటి వారంలో స్నేహితురాళ్ళతో వస్తున్నావని, బొర్రా గుహలు చూసి ఆ సాయంత్రమే తిరిగొచ్చేస్తారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. గుహలు తప్పకుండా చూడండి. కానీ వాటి కింద లోయలో పారే గోస్తనీ పక్కన ఒక పూటైనా నడవకుండా రావద్దు. బడిలో జాగ్రఫీ చెప్పిన రోజుల నుంచీ ఏటా మాఘం చివర్లోనో ఫాల్గుణంలోనో అక్కడికి వెళ్తున్నాను కాబట్టి ఇంత పట్టుగా చెప్తున్నాను.

వానాకాలంలో ఆ ఏరు ఎర్రగా పొంగుతుంది, ఒడ్డు దగ్గరికే పోలేం. డిసెంబరులో పొగమంచు, పిక్నిక్ జనం. ఇప్పుడు నీళ్ళు తగ్గి తేటపడతాయి. రాళ్ళు బయటికి వస్తాయి. ఇరుకు చోట్ల మాత్రం నీళ్ళు తెల్లగా ఉరుకుతాయి. బొర్రా ఉన్నది సుమారు 700 మీటర్ల ఎత్తులో. కొండ దిగేదాకా నీటికి నిదానం ఉండదు. రాయికి కొట్టుకున్నప్పుడల్లా గాలిని లోపలికి లాక్కుంటుంది, ఆ బుడగల మీద వెలుగు చెదిరి తెల్లగా కనిపిస్తుంది. రెండు బారలు కిందికి వెళ్ళి చూడు, అవే నీళ్ళు మడుగులో ఆకుపచ్చగా ఉంటాయి.

కిరండూల్ వెళ్ళే రైలు వైజాగ్‌లో పొద్దున్నే బయలుదేరుతుంది, అదెక్కండి. సొరంగాలు దాటుకుంటూ వెళ్ళి బొర్రా గుహలు స్టేషన్లో దిగితే ఎండ ముదరకముందే నడవచ్చు. ఏటి దారి మీకు తెలియదు కాబట్టి అక్కడి గూడెంలో ఒకరిని అడిగి వెంట తీసుకెళ్ళండి. బేరం ఆడకుండా కూలి ఇవ్వండి. పట్టాల మీదుగా అడ్డదారి ఉందని ఎవరు చెప్పినా వినకండి.

ఇక నడక. కటికి జలపాతం దాకా వెళ్ళి తీరాలని టెన్షన్ పెట్టుకోవద్దు. ఒక కిలోమీటరు నడిచినా చాలు, మూడు చోట్ల కూర్చోండి. నీళ్ళు బాగా హోరెత్తే చోట ఒకసారి, మడుగు పక్కన ఒకసారి, ఏదైనా చిన్న గెడ్డ వచ్చి ఏటిలో కలిసే చోట ఒకసారి. కూర్చున్నాక పది నిమిషాలు ఎవరూ మాట్లాడకండి. మొదట ఒకటే హోరు వినిపిస్తుంది. కాసేపటికి అందులోనే పెద్దరాయి మీంచి దూకే నీటి చప్పుడు వేరు, గులకరాళ్ళ మధ్య జారే నీటి చప్పుడు వేరు అని తెలుస్తుంది. అప్పుడు పిట్టలు కూడా కనబడతాయి. తోక ఆడిస్తూ రాయి మీంచి రాయి మీదకి గెంతే పిట్ట నాకు చాలా ఇష్టం. తలెత్తితే ఆకు రాల్చిన బూరుగు చెట్టు నిండా ఎర్రటి పూలు. అదృష్టం బాగుండి వారం పది రోజుల ముందు ఒక వాన పడి ఉంటే కాఫీ తోటలు తెల్లగా పూస్తాయి. ఆ వాసన ఇంచుమించు మల్లెపూలదే.

ఇప్పుడు చెప్పేది మాత్రం జాగ్రత్తగా చదువు. తెల్లటి నీళ్ళలోకి దిగవద్దు. నీకు ఈత వచ్చని నాకు తెలుసు. నురగలో గాలి ఎక్కువ, అది మనిషిని సరిగ్గా తేల్చదు. మోకాలి లోతులో కూడా కాలు రాళ్ళ సందులో ఇరుక్కుంటే పైనుంచి వచ్చే నీరు లేవనివ్వదు. పాచి పట్టిన రాయి ఎండినట్టే కనిపిస్తుంది. ఒకసారి తోలు చెప్పులతో అలాంటి రాయి మీద అడుగేసి పడ్డాను. మణికట్టు విరిగి రెండు నెలలు నల్లబల్ల మీద రాయలేకపోయాను. పట్టు ఉన్న బూట్లు వేసుకోండి. మీ నెత్తి మీద ఎండ కాస్తున్నా పై కొండల్లో ఉరిమితే, నీటి రంగు మారి ఆకులు పుల్లలు కొట్టుకొస్తుంటే, వెంటనే గట్టెక్కేయండి. ఫోటో కోసం ఆగవద్దు.

తినడానికి పులిహోర కట్టిస్తాను. సబ్బు, షాంపూ ప్యాకెట్లు ఏటి దగ్గరికి తీసుకెళ్ళవద్దు. పులిహోర కట్టిన కవరుతో సహా అన్నీ వెనక్కి తెచ్చేయండి. ఆ నీళ్ళు కిందికొచ్చి తాటిపూడి రిజర్వాయర్లో నిలుస్తాయి, అక్కణ్ణుంచి మన ఊరికి తాగడానికి వస్తాయి. చిన్నప్పుడు సెలవులకొచ్చి మా ఇంట్లో ఎన్ని చెంబులు తాగావో!

రాత్రి ఎంత ఆలస్యమైనా భోజనానికి మా ఇంటికే రండి. మర్నాడు మీకు పనేం లేకపోతే భీమిలి వెళ్దాం. అక్కడ గోస్తనీ సముద్రంలో కలుస్తుంది. ముందు రోజు అంత ఉరుకులాడిన ఏరు అక్కడ ఎంత వెడల్పుగా, ఎంత నెమ్మదిగా ఉంటుందో నీ పక్కన నిలబడి చూడాలని ఉంది.

మీ అత్త