మెడల్ వెనక సాక్షి

తమ్ముడూ,

మేజర్ పద్మపాణి ఆచార్య మీద నువ్వు రాసింది చదివాను. హైదరాబాద్‌లో పుట్టిన మనిషి, 1999లో కార్గిల్‌లో చనిపోయాడు. ఇన్నేళ్లకు నీ వయసువాడు ఒకడు ఆయన మీద రాయాలనుకోవడం నాకు సంతోషమే. కానీ నీ వ్యాసంలో ఆయన మొదటి పేజీలో సింహంలా గర్జించాడు, రెండో పేజీలో పులిలా దూకాడు. మూడో పేజీకి వచ్చేసరికి నాకు జూ పార్కులో తిరుగుతున్నట్టు అనిపించింది.

ముందు చిన్న విషయాలు. ఆయనకు వచ్చింది మహావీర చక్ర. ఒకచోట నువ్వు అశోక చక్ర అన్నావు. పరమవీర, మహావీర, వీర చక్రలు శత్రువు ఎదుట చూపిన సాహసానికి ఇస్తారు. అశోక, కీర్తి, శౌర్య చక్రలు అలా శత్రువు ఎదుట కాని సాహసానికి. మాజీ సైనికుడెవరైనా ఈ తప్పు కనబడగానే చదవడం ఆపేస్తాడు. ఇక పరమవీర చక్ర మీద ఇంద్రుడి వజ్రాయుధం ఉందనీ, దాన్ని డిజైన్ చేసిన సావిత్రి ఖానోల్కర్ స్విట్జర్లాండ్‌లో పుట్టిందనీ ఒక పెద్ద పేరా రాశావు. నిజమే, బాగుంది కూడా. కానీ నీ మేజర్‌కి ఆ పతకం రాలేదు కదా! దధీచి ఎముకలు చేతికి దొరికితే మనవాళ్లెవరూ వదలరు. నువ్వు మాత్రం తీసెయ్.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. సైటేషన్, అంటే పతకం ఎందుకిచ్చారో చెప్పే అధికారిక కాగితం, ఇంకోసారి నెమ్మదిగా చదువు. జూన్ 28న శత్రు స్థావరం మీద ఆయన కంపెనీ దాడి మొదలవగానే శత్రువు ఫిరంగి గుళ్లు సరిగ్గా ముందు నడుస్తున్న ప్లటూన్ (చిన్న దళం) మీద పడ్డాయి. దాడి అక్కడే ఆగిపోయేదే. ఆచార్య వెనక ఆపి ఉంచిన రిజర్వ్ ప్లటూన్‌ని తీసుకుని ఆ గుళ్ల మధ్యలోంచే పైకి వెళ్లాడు. పాక్కుంటూ బంకర్ల దాకా వెళ్లి గ్రెనేడ్లు విసిరాడు. బులెట్లు, పేలిన గుళ్ల ముక్కలు తగిలి కదల్లేని స్థితిలో, నన్ను వదిలేసి మీరు ముందుకు వెళ్లండని తన జవాన్లకు చెప్పి, పడి ఉన్నచోటి నుంచే కాల్చాడు. స్థావరం చేజిక్కింది, ఆయన మిగల్లేదు.

‘వదిలేసి వెళ్లండి’ అన్నాడని మనకెలా తెలిసింది? ఆ మాట విన్నవాడు ఒకడు ఉన్నాడు. విని, నిజంగానే ఆయన్ని అక్కడ వదిలేసి పైకి వెళ్లి, ప్రాణాలతో కిందికి వచ్చి చెప్పాడు. సాహస పతకం అంటే ముందు ఒక సాక్ష్యం. చూసినవాళ్లు చెబితే కమాండింగ్ ఆఫీసర్ సిఫార్సు రాస్తాడు. అది బ్రిగేడ్, డివిజన్ మీదుగా ఢిల్లీ దాకా వెళ్తుంది. నీ వ్యాసంలో ఆ సాక్షి ఎక్కడా లేడు. కొండ మీద మేజర్ ఒక్కడే ఉన్నాడు, చుట్టూ విశేషణాలు. ఆర్డర్ పాటించి ఆఫీసర్‌ని వదిలి వెళ్లిన ఆ జవానుది కూడా ధైర్యమే. దానికి ఏ చక్రమూ లేదు.

అదే రాత్రి అదే బెటాలియన్‌లో, 2 రాజపుతానా రైఫిల్స్‌లోనే, నాగాలాండ్ కుర్రాడు కెప్టెన్ కెంగురుసే కూడా పోయాడు. ఆయనకూ మహావీర చక్ర వచ్చింది. రాతిగోడ మీద బూట్లు జారుతున్నాయని విప్పేసి, ఆ చలిలో ఉత్తకాళ్లతో ఎక్కాడు. ఇది చెప్పాక ఇంకే పులీ అక్కర్లేదు. ఆయన బూట్లు విప్పడం చూసినవాడు ఒకడు బతికి ఉండబట్టే ఆ వివరం మన దాకా వచ్చింది.

చూసినవాళ్లు మిగలకపోతే, మిగిలినా ఎవరూ నమ్మకపోతే ఏమవుతుందో రెజాంగ్ లా చెబుతుంది. 1962 నవంబర్ 18న చైనాతో యుద్ధంలో, లద్దాఖ్‌లోని ఆ కనుమ దగ్గర 13 కుమావూన్ బెటాలియన్ చార్లీ కంపెనీ, మేజర్ షైతాన్ సింగ్ నాయకత్వంలో, దాదాపు మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. తిరిగొచ్చిన కొద్దిమంది చెప్పింది మొదట చాలామంది నమ్మలేదు. 1963 మొదట్లో మంచులో శవాలు బయటపడ్డాయి. చేతుల్లో తుపాకులు అలాగే ఉన్నాయి, నర్సింగ్ జవాను చేతిలో సిరంజీ ఉంది. చనిపోయినవాళ్లే సాక్ష్యం చెబితేగానీ బతికినవాళ్ల మాట చెల్లలేదు. ఈ విషయం గుర్తొచ్చినప్పుడల్లా నాకు కోపం వస్తుంది.

మన సూర్యాపేట కల్నల్ సంతోష్ బాబు విషయం చూడు. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్‌లో చైనా సైనికులతో జరిగిన ఘర్షణకు ఆయనకు మహావీర చక్ర, మరో ఐదుగురికి వీర చక్ర ఇచ్చారు. ఆ ఆరుగురిలో బతికి ఉన్నది హవల్దార్ తేజిందర్ సింగ్ ఒక్కడే. సంతోష్ బాబు మీద తెలుగులో చాలా రాశారు. ఈ హవల్దార్ మీద ఎవరైనా రాశారేమో వెతుకు.

కాగితాన్ని కూడా గుడ్డిగా నమ్మకు. కార్గిల్ యుద్ధంలోనే టైగర్ హిల్ మీద పోరాడిన గ్రెనేడియర్ యోగేంద్ర సింగ్ యాదవ్‌కి పరమవీర చక్ర మరణానంతరం అని ప్రకటించారు. తీరా చూస్తే ఆయన ఆసుపత్రిలో కోలుకుంటున్నాడు. చనిపోయింది అదే పేరున్న ఇంకో జవాను. అందరూ ఈ కథను నవ్వుతూ చెబుతారు. ఆ రెండో యాదవ్ ఇంట్లో ఆ రోజు ఎలా గడిచిందో ఎవరూ అడగరు. 1965 యుద్ధంలో పరమవీర చక్ర పొందిన అబ్దుల్ హమీద్ ధ్వంసం చేసిన పాకిస్తాన్ ట్యాంకుల లెక్క కూడా ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. పెద్ద అంకె బాగుందని అదే వేసేయకు.

ఆచార్య తన నాన్నగారికి రాసిన ఉత్తరాన్ని నువ్వు దేశభక్తికి రుజువుగా చివర్లో అతికించావు. అందులో కడుపుతో ఉన్న తన భార్యకు రోజూ మహాభారతంలోంచి ఒక కథ చెప్పమని అడిగాడు. అంటే యుద్ధంలో ఉండి కూడా ఇంటి సంగతి చూసుకుంటున్నాడు. దాన్ని వ్యాసం మధ్యలోకి తీసుకురా, దాని మీద నీ వ్యాఖ్యానం ఒక్క ముక్క కూడా వద్దు.

రాజపుతానా రైఫిల్స్ రెజిమెంటల్ సెంటర్ ఢిల్లీ కంటోన్మెంట్‌లో ఉంది, ఉత్తరం రాయి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడిగినా దారి చెబుతారు. ఆ బెటాలియన్ జవాన్లు ఎక్కువగా రాజస్థాన్, హర్యానా వైపు వాళ్లు. భాష గురించి టెన్షన్ పడకు, నీ హైదరాబాదీ హిందీ వాళ్లకు అర్థమవుతుంది, కాస్త నవ్వుతారు, అంతే. రిజర్వ్ ప్లటూన్‌లో ఉన్న ఒక్కరు దొరికినా, ఆ రాత్రి గురించి వెంటనే అడగొద్దు. ముందు ఆ ప్లటూన్‌లో ఎవరెవరు ఉండేవాళ్లో పేర్లు చెప్పమను. ఎవరూ దొరక్కపోతే దొరకలేదని రాయి, నీ అంతట నువ్వు ఒక జవానుని పుట్టించి అతని నోట్లో మాటలు పెట్టకు.

కొత్త డ్రాఫ్ట్ పంపేటప్పుడు పేజీలకు నెంబర్లు వేయి. వాట్సాప్‌లో ఫొటోలు తీసి పంపొద్దు, నా కళ్లు అంత బాగాలేవు.

ఉంటాను,
మీ అన్నయ్య